జోలె ఎవరి భుజమున నుండవలెను?

దానము చేయువాని గొప్పతనమును గూర్చి మన పెద్దలు ఎంతయో చెప్పిరి. దానము స్వీకరించువాని యోగ్యతను గూర్చియు చెప్పిరి. కాని ఈ యిరువురి నడుమ నిలిచి, ఒకరి చేతి సొమ్మును వేరొకరి చేతికి చేర్చువానిని గూర్చి విచారించినవారు అరుదు. పూర్వము ఆ నడిమివానికి ప్రత్యేకమైన పేరు లేదు. మఠాధిపతియో, ధర్మకర్తయో, ఊరి పెద్దయో తానే జోలె పట్టి ఇంటింటికి పోయెడివాడు. నేడు ఆ నడిమిపని ఒక వృత్తియైనది. దానికి శిక్షణ కలదు, జీతము కలదు, నెలకింత వసూలు చేయవలెనను నియమము కలదు. కొన్నిచోట్ల వసూలైన మొత్తములో వాటాయును కలదు. ధర్మకార్యమునకై యాచించుటను జీవనోపాధిగా గైకొనుట తగునా? ధర్మసంస్థ అట్టివానిని నియమించుకొనవచ్చునా? శరణుల మార్గమును నమ్మినవారు ఈ ప్రశ్నను తప్పించుకొనజాలరు. ఏలయన కాయకము, దాసోహము అను రెండు మాటలును ఇందు ఎదురెదురుగా నిలిచి తీర్పు కోరుచున్నవి.

విషయము స్పష్టమగుటకు ఒక సందర్భమును ఊహింతము. మండపేట వంటి ఒక డెల్టా పట్టణమున వీరశైవ సంఘమువారు పేద విద్యార్థులకై వసతిగృహము నడపుచున్నారనుకొందము. దాని పైకప్పు పాతబడినది. వానకాలమున పిల్లలు పుస్తకములను పెట్టెలలో దాచుకొని, చాపలను గోడవారకు లాగుకొని పండుకొనుచున్నారు. మరమ్మతునకు 14 లక్షల రూపాయలు కావలెను. రెండేండ్లుగా సభలు జరిగినవి, తీర్మానములు జరిగినవి. సొమ్ము మాత్రము చేరలేదు. అట్టి సమయమున ఒకడు వచ్చి, “రసీదు పుస్తకములు నాకిండు. ఆరు నెలలలో 20 లక్షలు వసూలు చేసెదను. నూటికి ముప్పది నాది. ఆరు లక్షలు నాకు పోగా మీకు కావలసిన 14 లక్షలు మీకు మిగులును. వసూలు కానిచో నాకొక్క రూపాయియు ఈయనక్కరలేదు” అనెను. సంఘమువారు ఏమి చెప్పవలెను?

ఒప్పుకొనవలెనను వారి మాటను ముందుగా వినుట న్యాయము. వారిట్లందురు: “ముప్పది పోయిననేమి, డెబ్బది వచ్చును గదా! మన నియమము మనము పట్టుకొని కూర్చున్నచో వచ్చునది సున్న. ఇంటికప్పు వేయు మేస్త్రీకి కూలి ఇచ్చుచున్నాము; సిమెంటు అమ్మువానికి లాభము ఇచ్చుచున్నాము. సొమ్ము తెచ్చువానికి మాత్రము ఏల ఈయరాదు? అతడును కాళ్లరుగ తిరుగువాడే, భార్యాబిడ్డలు కలవాడే. కాయకమే కైలాసమని చెప్పు మనము అతని శ్రమను శ్రమగా గుర్తింపకపోవుట ఏ ధర్మము?” ఈ మాటలలో బలము లేకపోలేదు. వీనిని త్రోసివేయువాడు, తడిసిన చాపమీద పండుకొనిన పిల్లవానికి కూడ సమాధానము చెప్పవలసి యుండును.

మండపేట అనగానే స్మరింపదగిన ఒక మహాయిల్లాలు కలదు. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే ఊరివారాయనను బువ్వన్న అని పిలిచెడివారట. సీతమ్మగారు లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారి యిల్లాలై, గోదావరి పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళ యనక, కులమనక అన్నము పెట్టిరి. ఒకసారి అంతర్వేది నృసింహుని దర్శనమునకు బయలుదేరి, దారిలో ఒక పెండ్లివారి బృందము ఆకలితో అలమటించుచు, గన్నవరము చేరి సీతమ్మగారింట భోజనము చేయుదమని అనుకొనుచుండగా విని, యాత్ర మాని వెనుకకు మరలిరని ఆ సీమలో నేటికిని చెప్పుకొందురు. ఆమె 1909లో గతించిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. సీతమ్మగారు వీరశైవ కుటుంబమున పుట్టినవారు కారు. ఐనను దాసోహమను మాటకు అర్థము తెలియగోరు వీరశైవుడు ఆమె వంటయింటి వైపు చూచిన చాలును.

ఆమె చందాపుస్తకము పట్టలేదు. ఇంటి పొలము పండినది పెట్టిరి. ఇందుచేత, దానము చేయవలెననిన ఎవరి సొమ్ము వారు పెట్టవలెను గాని పరులను అడుగరాదని కొందరు సిద్ధాంతము చేయుదురు. అది సరికాదు. పొలము కలవారికే ధర్మము సాధ్యమైనచో పేదవాడు ధర్మమునకు దూరమగును. అంతేకాక ఒక ఇంటి వండివార్పు వేరు, తరతరములు నిలువవలసిన పాఠశాల వేరు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో తొలి వితంతువివాహము జరిపించినపుడు, ఆ యుద్యమమునకు కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయము లేనిచో పని ముందుకు సాగుట కష్టమై యుండెడిది. పంతులుగారు ఇతరుల సొమ్ము స్వీకరించిరి. కాని తరువాతి కాలమున హితకారిణీ సమాజమును స్థాపించి, తన ఆస్తిని దానికి సమర్పించిరి. అడుగుట తప్పు కాదు. అడుగువాడు తానేమి పెట్టెను అనునది ప్రశ్న.

ఇక కాయకము మాట. వసూలు చేయుట శ్రమయే. లెక్క వ్రాయుట, రసీదు ఇచ్చుట, ఉత్తరములు వ్రాయుట, దాతల పట్టికలు ఉంచుట, పన్ను అధికారులకు వివరములు పంపుట, ఇవన్నియు నేర్పుతో చేయవలసిన పనులు. వీనిని చేయువానికి న్యాయమైన జీతము ఈయవలెను. ధర్మసంస్థ గనుక ఊరక పనిచేయుమని ఒక గుమాస్తాను కోరుట, అతని భార్యాబిడ్డల చేత బలవంతముగ దానము చేయించుటయే యగును. కాయకమునకు ఫలము ఈయకుండ దాసోహము చేయించుట శరణుల పద్ధతి కాదు. కాబట్టి జీతము విషయమున మొదటి పక్షమువారి మాట సత్యము.

కాని జీతము వేరు, వాటా వేరు. జీతగాడు తన శ్రమకు ప్రతిఫలము పొందును. వాటాదారుడు దాత యొక్క దయలో భాగము పొందును. ధాన్యపు మిల్లులో బస్తాలు మోయు జట్టు కూలీ ఒకడు తన దినపు సంపాదనలో నుండి 100 రూపాయలు తీసి, “పిల్లల కప్పునకు” అని యిచ్చెననుకొందము. అతని మనస్సులో ఆ నూరును కప్పునకే చేరినవి. నిజమునకు అందు 30 రూపాయలు అడిగినవాని జేబులోనికి పోయినవి. ఈ సంగతి ముందే చెప్పినచో ఆ కూలీ ఇచ్చునా? ఇచ్చునేమో, అప్పుడది దోషము కాదు. కాని వాటా తీసికొనువాడెవడును ఆ మాట ముందుగా చెప్పడు. చెప్పినచో వసూలు కాదని అతనికి తెలియును. ఏ ఒప్పందము దాత ముఖము ఎదుట పలుకుటకు వీలులేనిదో, అది దాతను మోసగించు ఒప్పందమే.

రెండవ దోషము మరియు సూక్ష్మము. వాటా గలవానికి దాత ఎంత యిచ్చిన అంత లాభము. కాబట్టి ఇయ్యజాలనివానిని కూడ అతడు పిండును. చిన్న మొత్తము ఇచ్చు పేదరాలి ఇంటి ముందు ఆగక పెద్ద మేడ ముందు ఆగును. పిల్లల కష్టమును ఉన్నదానికంటె పెద్దది చేసి చెప్పును. అతడు దుర్మార్గుడై ఇట్లు చేయునని కాదు. ఒప్పందమే అతనిని అటు నెట్టును. మంచివానిని చెడు త్రోవలో నిలిపి, అతడు పడిపోయిన పిదప అతనిని నిందించుట సంఘమునకు మర్యాద కాదు.

ఈ సంగతిని ఆ వృత్తి పుట్టిన దేశమువారే గుర్తించిరి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికాలో చార్లెస్ సమ్నర్ వార్డ్ అనునతడు వై.ఎం.సి.ఏ. భవనములకై కొద్దిదినముల వ్యవధిలో పెద్ద మొత్తములు కూర్చు పద్ధతిని వ్యాప్తికి తెచ్చెను. తరువాత 1919లో మరికొందరితో కలసి ఆ పనికే ఒక సంస్థను పెట్టినపుడు సయితము వారు వాటాను గాక ముందుగా నిర్ణయించిన రుసుమునే తీసికొనిరి. 1960లో ఏర్పడి నేడు అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ అను పేర నడచుచున్న వృత్తిసంఘము, వసూలైన దానిలో శాతమును ప్రతిఫలముగా తీసికొనరాదని తన సభ్యులకు నియమము విధించినది. యాచననే వృత్తిగా గైకొన్నవారు తమకు తామే కూడదనుకొన్న వాటాను, దాసోహము పేరెత్తు సంఘము ఒప్పుకొనుట ఎంత చిన్నతనము! మన దేశపు చట్టమును ఇట్టి జాగ్రత్తకే వచ్చినది. విదేశీ విరాళముల చట్టమున పాలనాపరమైన ఖర్చులకు నూటికి 50 వరకు ఉండిన పరిమితిని 2020లో 20కి తగ్గించిరి. చట్టము హద్దును మాత్రమే చెప్పును. ఆ హద్దు లోపల ఎట్లు నడవవలెనో ధర్మము చెప్పవలెను.

ఆ ధర్మమునకై ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. మండపేటకు చేరువనున్న ద్రాక్షారామము మల్లికార్జున పండితారాధ్యుల జన్మస్థలము. ఆయన చరిత్రమును, బసవేశ్వరుని పురాణమును ద్విపదలలో తెనుగువారికిచ్చినవాడు పాల్కురికి సోమనాథుడు. కల్యాణమున వెలసిన శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య కథ ప్రస్తుత విషయమునకు అద్దమువంటిది. నేల రాలిన బియ్యపుగింజలు ఏరుట ఆయన కాయకము. వానితో జంగమ దాసోహము చేయుట ఆ దంపతుల వ్రతము. ఒకనాడు మారయ్య ఎన్నడును లేనంత బియ్యము తెచ్చెను. తనకొరకు కాదు, దాసోహమునకే తెచ్చెను. ఐనను భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ శివభక్తులకు ఏల, మనకు నిత్యము చాలునంత ఉంచి తక్కినది అక్కడనే వేసి రండని భర్తను మరలించెను.

ఈ కథను చదివి పలువురు లక్కమ్మ నిరాడంబరతను మెచ్చుకొందురు. కాని అందలి కఠినమైన పాఠమును గమనించువారు తక్కువ. స్వార్థమునకై కూర్చుట తప్పని అందరకు తెలియును. ధర్మమునకై కూర్చుటలో కూడ ఆశ పుట్టగలదని లక్కమ్మ చూపినది. 14 లక్షలు చాలునని తెలిసియు 20 లక్షలు అడుగుట ఆ యాశకు రూపము. ఆ యధికము ఎవరి పాలగునో తరువాతి మాట. గాంధీమహాత్ముడును ప్రజాసంస్థలు శాశ్వతనిధులపై బ్రతుకరాదనియు, ఏటికేడు ప్రజల ఆదరణతో నడవవలెననియు తన ఆత్మకథలో వ్రాసెను. చాలినంత చేరినపుడు రసీదు పుస్తకము మూయగలవాడే దాసోహి. వాటాదారునికి పుస్తకము మూయుటలో నష్టమే గాని లాభము లేదు.

ఇంతవరకు చెప్పినది వాటాను గూర్చి. వాటా మానుకొని జీతమునకు ఒకనిని పెట్టి వసూలు చేయించినచో చిక్కు తీరునా? సగము మాత్రమే తీరును. అసలు ప్రశ్న ఇక్కడ నున్నది.

వీరశైవునకు ఇష్టలింగము అతని అరచేతిలో నుండును. పూజ చేయుటకు నడుమ పూజారి లేడు. తాను తినవలసిన అన్నము వేరొకడు తినినచో తన ఆకలి తీరనట్లే, తాను చేయవలసిన పూజ వేరొకనిచేత చేయింపరాదని బసవేశ్వరుడు బోధించెను. ఈ మతమున దీక్షకంటె, లింగముకంటె వేరుగా దాసోహము లేదు. దాసోహమనగా నేను దాసుడనని పలుకుట, నేననుదానిని కరిగించుకొనుట. మరి పరులకొరకై పరుల గుమ్మమున నిలిచి చేయి చాచుటకంటె నేననుదానిని కరిగించు సాధన వేరొకటి కలదా? పూజను కూలికి చేయింపనివాడు యాచనను కూలికి ఎట్లు చేయించును?

సంఘమువారి కథను మరల చూచినచో రహస్యము బయలుపడును. రెండేండ్లు సొమ్ము చేరకపోవుటకు కారణము ఊరివారి లోభమా? కాకపోవచ్చును. ఎవరును పోయి అడుగలేదు. వడ్లవర్తకుడు తన తోటి వర్తకుని గుమ్మమున చేయి చాచుటకు సిగ్గుపడెను. ఉద్యోగము చేసి విరమించినవాడు తన క్రింద పనిచేసినవానిని అడుగుటకు వెనుదీసెను. కాదని అందురేమో, వెనుక నవ్వుదురేమో, రేపు వారు తమను అడుగుదురేమో అని ఎవరికి వారు ఊరకుండిరి. ఇట్టి సమయమున వచ్చిన వసూలుదారుడు అమ్మునది తన నేర్పును కాదు. పెద్దల సిగ్గును కొనుచున్నాడు. ఆ ఆరు లక్షలు అతని కూలి కాదు, పెద్దల అహంకారమునకు పేదలు చెల్లించు పన్ను. బస్తాలు మోయు కూలీ ఇచ్చిన నూటిలో ముప్పది రూపాయలు, కుర్చీలలో కూర్చున్నవారి బిడియము కప్పిపుచ్చుటకు ఖర్చైనవి.

తుమకూరు చేరువనున్న సిద్ధగంగా మఠమును ఎరుగని వీరశైవ కుటుంబముండదు. 1907లో జన్మించి 2019 జనవరి 21న శివైక్యమందిన శ్రీ శివకుమార మహాస్వాములవారు వేలాది బాలురకు కులమత భేదము లేక అన్నము, అక్షరము, ఆశ్రయము కల్పించిరి. మఠము ఇబ్బందులలో నున్న తొలినాళ్లలో స్వాములవారు స్వయముగా ఊరూరు తిరిగి భిక్షాటనము చేసిరి. అంతటివారు జోలె పట్టినపుడు ఇచ్చినవాడు సొమ్ము మాత్రమే ఇయ్యలేదు. తన బిడ్డను ఆ మఠమునకు పంపెను, పంట వచ్చినపుడు ధాన్యము పంపెను, తరతరములకు ఆ మఠమువాడైనాడు. కూలికి వచ్చిన వసూలుదారుడు తెచ్చునది సొమ్ము. స్వయముగా పోయినవాడు తెచ్చునది మనుష్యులను.

గాంధీమహాత్ముడు నేటాలులో 1894లో స్థాపించిన కాంగ్రెసుకై చందాలు కూర్చిన నాటి ఒక ముచ్చట ఆత్మకథలో కలదు. ఒక ఊర ఆతిథ్యమిచ్చిన వర్తకుడు ఆరు పౌనులు ఈయదగినవాడై యుండియు మూడే ఇత్తుననెను. గాంధీయు, తోడివారును ఆ రాత్రి భోజనము ముట్టక కూర్చుండిరి. తెల్లవారుసరికి ఆ వర్తకుడు మనసు మార్చుకొని ఆరును ఇచ్చి అన్నము పెట్టెను. ఇట్లు పట్టుపట్టుట ఉచితమా యని వాదింపవచ్చును. కాని ఆకలికి ఓర్చినది అడిగినవారే. జీతమునకు వచ్చినవాడు ఇట్టి యాకలిని భరింపడు. భరింపుమని కోరుటయు తప్పే.

అడుగువాడు స్వయముగా పోయిన మాత్రముననే పవిత్రుడు కాడు. లెక్క చూపవలెను. బసవేశ్వరుడు బిజ్జలుని భండారమునకు అధికారిగా నుండగా, రాజధనమును జంగములకు పంచుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పిరి. భండారమును లెక్కింపగా కొరత లేదని పురాణము చెప్పుచున్నది. భక్తులు దీనిని మహిమగా చదువుదురు. చదువదగినదే. కాని లెక్క చూపుమనినపుడు బసవేశ్వరుడు నొచ్చుకొని మొగము త్రిప్పుకొనలేదు, తాళములు తెరచెను. నేటి ధర్మకర్తలు లెక్క అడిగినవానిని ద్వేషించుచు బసవజయంతి జరుపుట తగునా?

కాబట్టి ఆ సంఘమువారు చేయదగినదేమి? వచ్చినవానిని అవమానింపక నమస్కరించి పంపవలెను. అతనికి నేర్పున్నచో నిర్ణీతమైన జీతముపై లెక్కలు, రసీదులు వ్రాయుటకు ఉంచుకొనవచ్చును. ఆ జీతమెంతయో వసతిగృహపు గోడమీద వ్రాయింపవలెను. కార్యవర్గ సభ్యులు ముందుగా తమ శక్తికొలది ఇచ్చి, ఆ పట్టికయును అక్కడనే వ్రాయించి, పిమ్మట ఇద్దరిద్దరుగా జోలె పట్టి బయలుదేరవలెను. అయిదు రూపాయలు ఇచ్చినవానికిని అయిదువేలు ఇచ్చినవానికిని ఒకే నమస్కారము చేయవలెను. 14 లక్షలు చేరిననాడు జోలె మడిచి పెట్టవలెను.

ఇందు ఒక కష్టము కలదు. దానిని దాచుట సత్యము కాదు. వసూలుదారుడు ఆరు నెలలలో తెచ్చునది వీరు తెచ్చుటకు ఏడాదిన్నర పట్టవచ్చును. నడుమ ఒక వానకాలము వచ్చును. పెద్దల నియమమునకు వెల పిల్లలు చెల్లింపవలెనా? ఇది న్యాయమైన ఆక్షేపణ. దీనికి మాటలతో సమాధానము లేదు. ఉన్న సమాధానమొక్కటే: ఆ నాలుగు నెలలును ఇంటికిద్దరు ముగ్గురు చొప్పున పిల్లలను సంఘమువారు తమ యిండ్లలో పండుకొనబెట్టుకొనవలెను. తమ పిల్లలతోపాటు అన్నము పెట్టవలెను. అది చేయజాలని సంఘమునకు వాటాదారుని తిరస్కరించు అధికారము లేదు. అది చేసిన సంఘమునకు అతనితో అవసరమే యుండదు. ఏలయన ఆ పిల్లలు ఏ యింట పండుకొనిరో ఆ యింటివారిని ఎవరును పోయి అడుగనక్కరలేదు.

జోలెలో బరువుండదు. మోయలేనిది దానిని పట్టిన చేతిలోని అహంకారమునే. అది దిగిననాడు, మిల్లులో బస్తాలు మోయువాని నూరు రూపాయలు నూరును కప్పునకే చేరును.